సమస్య: "చెల్లనట్టి నోటె చెల్లు మిగుల"

నిర్వాహకుడు, బరంపురం: వింత నెంబర్ల నోట్లు ఏరే మిత్రుడొకరు కబుర్లలో ఈ ముక్క అనేశారు. చూస్తే పాదమే పడింది! పూరించండి. రెండువేలది మాత్రం ఇరికించకండి. 2023లో వెనక్కి తీసుకున్నారే గాని చెల్లదనలేదు.

రాయగడ మాస్టారు:

రద్దు చేసినట్టి రాతిరి విసిరితి
వేయి నోటు, నేడు వెదకినారు
ఇటుల నటులఁ జదువ నేకమౌ నంకెకై
చెల్లనట్టి నోటె చెల్లు మిగుల

గుణుపురం కుర్రాడు: భలే మాస్టారూ! అంటే 450054 లాంటి నెంబరన్నమాట.

జయపురం బావ: మూడో పాదం హాయిగా నడిచింది, కాదనను. కానీ ఆ వెదికేవాళ్ళకి చెప్పండి, 2017 చట్టం ప్రకారం రద్దయిన నోట్లు పదికి మించి ఉంచుకోకూడదు. సేకరణకో పరిశోధనకో అయితే పాతిక దాకా.

రాయగడ మాస్టారు: ఆ పాతికలోనే ఉన్నాం లెండి. తమరి పూరణ ఏదీ?

జయపురం బావ: ఇదిగో.

ఏడు నెనిమి దారు లెదుటఁ గన్పట్టిన
కోటి నిత్తు మంచు గోల చేసి
ముందు కమిషన్ గొనెడు మోసగాండ్రకు నెల్ల
చెల్లనట్టి నోటె చెల్లు మిగుల

రాయగడ మాస్టారు: భావం బంగారం. "కమిషన్" ఏ గణం బావా?

జయపురం బావ: మా వైపు "కమిష్ను" అనే అంటారు.

రాయగడ మాస్టారు: అది జగణం. ఇంకా మునిగింది. "ముందు పన్ను గొనెడు" అనండి, అతుకుతుంది. వాళ్ళడిగేదీ అదే. తన పేరు వాడుకుని పాత నోట్ల బేరాల్లో పన్నులూ కమిషన్లూ గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. అది సరే, 786 ఉన్నంత మాత్రాన నోటు చెల్లనిదెలా అయింది?

జయపురం బావ: పాత ఐదువందలది అనుకోండి.

రాయగడ మాస్టారు: మేం అనుకోవడం కాదు, పద్యం అనాలి.

జయపురం బావ: దీపావళి సమస్యలో "వ"కీ "బ"కీ యతి కట్టి అభేదమన్న పెద్దలు, ఇవాళ నా ఒక్క గణం పట్టుకు వేలాడుతున్నారు. ఆ పూరణకి నేను "ఆహా" అన్నాను కూడా!

రాయగడ మాస్టారు: వ-బలకి అభేద యతి ఉంది. కమిషన్‌కీ పన్నుకీ లేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి: మీ తగువు తేలేలోగా నాదొకటి.

కొట్టువాడు తీసుకొనునట్టి పది నోటు
చుక్క యొకటి యుంట జూచి దాచె
ఖర్చు పెట్టనీడు కాంతుడు, మా యింట
చెల్లనట్టి నోటె చెల్లు మిగుల

నిర్వాహకుడు: ఇదీ మలుపంటే! మీరిద్దరూ రద్దయిన నోట్ల వెంట పడ్డారు. ఈవిడ బజార్లో చెల్లే నోటునే ఇంట్లో చెల్లనీయలేదు. ఆ "కాంతుడు" మాత్రం యతి కోసం వచ్చిన ఇల్లరికపుటల్లుడు.

మహేంద్రతనయ: ఆయనకి ఆ మాటే ఎక్కువండీ.

గుణుపురం కుర్రాడు: అమ్మా, చుక్కంటే నెంబర్లో ఉండే నక్షత్రమేనా?

మహేంద్రతనయ: అదే నాయనా. ముందు అక్షరాలకీ తర్వాతి అంకెలకీ మధ్య ఉంటుంది. అచ్చులో చెడిన నోటు తీసేసి, దాని బదులు కట్టలో పెట్టేది. పది, ఇరవై, యాభైల్లో 2006లో మొదలైంది. అప్పటి గవర్నరు వై.వి.రెడ్డి గారి సంతకంతో చుక్క నోటు కనబడిందా, ఇక మా ఇంట్లో పాలవాడికి చిల్లర లేనట్టే. ఒక్కోదానికీ ఒక ప్లాస్టిక్ తొడుగు, తొడుగు మీద పెన్సిలుతో తారీఖు. కూరలకి నేను అడిగితే మాత్రం మడతలు పడి సెల్లోటేపు అంటించిన పదులిస్తారు.

గుణుపురం కుర్రాడు: 2018లో వచ్చిన పది వెనక కోణార్క చక్రం ఉందిగా. ఒడిశా వాళ్ళం, అదీ పద్యంలో పెట్టాల్సింది.

జయపురం బావ: పెట్టకు తల్లీ, మాస్టారు దానికీ గణాలు లెక్కేస్తారు. సరే, "పన్ను" వేసి నా పద్యం దిద్దాను. ఇంకేం అడుగుతారో అడగమనండి.

నిర్వాహకుడు: అది పాత ఐదువందలదని ఏ పాదంలో ఉందో అడుగుతారు.