"నిగమశర్మ అక్క" అంటాం, మరి నిగమశర్మ సంగతేంటి?

చెడ్డవాడు మారితే ఆ కథ నిజంగా జనం నోళ్లలో నిలబడుతుందా అని నిన్న ఒకాయన అడిగారు కదా, రాత్రంతా అదే ఆలోచిస్తూ ఉన్నా. నాకు ముందు గుర్తొచ్చింది "నిగమశర్మ అక్క" అనే మాట. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో వస్తుంది. మంచి ఇంట్లో పుట్టి ఆస్తంతా తగలేసిన తమ్ముడు, వాడికి బుద్ధి చెప్దామని మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని పుట్టింటికొచ్చిన అక్క. దగ్గర కూచోబెట్టుకుని లాలించి మందలిస్తుంది, వాడు నాలుగు రోజులు బుద్ధిగా ఉన్నట్టే ఉండి ఒక రాత్రి నగలన్నీ మూటగట్టి ఉడాయిస్తాడు, తెల్లారాక ఆవిడ కొత్తగా చేయించుకున్న ముక్కర పోయిందని ఏడుస్తుంది. కవి ఆవిడకి పేరే పెట్టలేదు, అయినా సాహిత్య విమర్శకులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆవిడ మీద ఒక వ్యాసమే రాశారు.

అసలు కథ మాత్రం తమ్ముడిది. వాడు ఆశ్రయమిచ్చిన రైతు ఇంటికే ద్రోహం చేసి, నానా పాట్లూ పడి, చివరికి నృసింహక్షేత్రంలో ప్రాణం వదిలితే విష్ణుదూతలు యమదూతలతో వాదించి మరీ తీసుకుపోతారు. ఆ ముక్క ఎంతమందికి గుర్తుంది చెప్పండి? నాకైతే వాడు మారాడనే అనిపించదు, చచ్చిన చోటు మంచిదైంది అంతే.

దీని పక్కన వేమన కథ పెట్టి చూడండి. చరిత్రకి ఆధారాల్లేవు, జనం చెప్పుకునేదే. వేశ్య, వేమన వదినగారి నగలు కావాలంటుంది, వదిన అన్నీ ఇచ్చి బులాకీ ఒక్కటీ ఇచ్చేటప్పుడు ఒక షరతు పెడుతుంది, దాంతో వేమన ఆ వేశ్యని బట్టల్లేకుండా నిలబెట్టి చూస్తాడు, చూసి విరక్తి పుడుతుంది. రెండు కథల్లోనూ ముక్కు నగే! ఒకడు దొంగిలించి పారిపోయాడు, ఇంకొకడు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఊరూరా చెప్పుకున్నది రెండోవాడి కథే. ఎందుకంటే వాడు మారిన క్షణం మనకి కళ్లకి కనపడుతుంది, పైగా మారాక వాడు మాట్లాడాడు. "విశ్వదాభిరామ వినురవేమ" రాని పిల్లాడు తెలుగునాట ఉన్నాడా?

జవాబు: మాస్టారూ, మరి వాల్మీకి? ఉత్తరకాండలో సీత కోసం ఒట్టేస్తూ ఆయనే "మనసా కర్మణా వాచా భూతపూర్వం న కిల్బిషం" అంటాడు, అంటే మనసుతో గానీ చేతతో గానీ మాటతో గానీ ఇంతకు ముందు ఏ పాపమూ చెయ్యలేదని. దారిదోపిడీ కథ తర్వాత ఎప్పుడో వచ్చి చేరింది. జనం మాత్రం ఆ ఒట్టు వదిలేసి దొంగనే పట్టుకున్నారండీ.

జవాబుకి జవాబు: అమ్మా, ఎంత మంచి మాట గుర్తుచేశారు! నేను చెప్పేదానికి ఇదే బలం. అక్కడ కూడా నిలబెట్టింది "మరా మరా" అనే రెండక్షరాలు. అయిదేళ్ల పిల్లకి చెప్పి చూడండి, గబగబా అంటూ అంటూ తనే "రామ" దగ్గరికొచ్చి కేరింత కొడుతుంది, మా మనవరాలు అలాగే చేసింది. మారడం చెవికి వినపడింది కదా, ఇంక ఆ కథ మర్చిపోతుందా? నిగమశర్మ మాత్రం ఒక్క మాటా మిగల్చలేదు. అందుకే మాట అక్క పేరు మీదికి పోయింది, నా దృష్టిలో అది న్యాయమే, ఆ ఇంట్లో మనసుపెట్టి కష్టపడింది ఆవిడే.

ఇంకో జవాబు: అన్నా, ముక్కర, బులాకీ ఒకటేనా?

జవాబు: కాదు తమ్ముడూ. బులాకీ అంటే రెండు ముక్కుపుటాల మధ్య గోడకి కుట్టించుకుని పెదవి మీదికి వేలాడేది, కొన్నిచోట్ల అడ్డబాస అంటారు. మా నాయనమ్మకి ఉండేది. మజ్జిగ తాగేటప్పుడు ఎడమచేతి వేలితో దాన్ని పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తో గ్లాసెత్తి తాగేది. ఇప్పుడది మా చెల్లి బీరువాలో ఉంది.