నీటిరంగులా, అక్రిలిక్కా? మన జిల్లాల్లో బొమ్మలు నేర్చుకున్నవాళ్లు చెప్పండి

నాగావళి ఒడ్డు: ఉద్యోగం శ్రీకాకుళంలో. పెన్సిల్‌తో బాగానే గీస్తాను గానీ రంగుల జోలికి ఎప్పుడూ వెళ్లలేదు. ఇప్పుడు ఆంధ్రా యూనివర్సిటీలో చేరి ఫైన్ ఆర్ట్స్ చదివే వీలు లేదు. ఇక్కడే ఉంటూ ఎలా నేర్చుకోవాలి, ఏ రంగులతో మొదలెట్టాలి?

పాత డ్రాయింగ్ మాస్టారు: ముందు లోయర్ గ్రేడ్, తర్వాత హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలకి ఫీజు కట్టు బాబూ. ప్రభుత్వం పెట్టేవే. సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టు, పరీక్ష టెన్షన్‌కైనా చేయి రోజూ ఆడుతుంది. రంగులంటావా, నీటిరంగులే. వడ్డాది పాపయ్య గారు మీ శ్రీకాకుళంలోనే 1921లో పుట్టారు, వాళ్ల నాన్నగారు డ్రాయింగ్ మాస్టారు, తొలి పాఠాలు ఇంట్లోనే. ఆయన వేసిన పాత చందమామ అట్టలు దొరికితే భూతద్దం పెట్టి చూడు, చీర మడతల దగ్గర రంగు ఎక్కడ చిక్కబడిందో, ఎక్కడ పల్చబడిందో. ఒక్క అట్టతో నెల గడిచిపోతుంది.

బోర్డుల బాబాయ్: మాస్టారూ, కొత్తవాడికి నీటిరంగులు ఇస్తే వారంలో బ్రష్ పారేస్తాడండి. తెలుపు కావాలంటే కాగితాన్ని ముందే వదిలేయాలి, ఒకసారి చెడితే దిద్దుకోవడం కష్టం. నేను విజయనగరంలో బోర్డులు రాసే గురువుగారి దగ్గర నేర్చుకున్నాను. చాన్నాళ్లు డబ్బాలు కడగడం, గోడకి గళ్లు కొట్టడమే పని. చిన్న ఫొటో మీద గళ్లు, గోడ మీద పెద్ద గళ్లు, ఒక్కో గడి చూసుకుంటూ దించేయడమే, ముఖమైనా అంతే. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది, ఎనామిల్ డబ్బాలూ పోయాయి, ఇప్పుడు అక్రిలిక్ వేస్తున్నాను. తప్పు పోతే ఆరాక పైన ఇంకో పూత వేసుకోవచ్చు. ఆరితే రంగు కాస్త ముదురుతుంది, అది లెక్కలో పెట్టుకో. బ్రష్ మాత్రం వేస్తున్నంతసేపూ తడిగానే ఉంచు, ఎండితే ఇక దేనికీ పనికిరాదు.

ఉద్దానం పిల్ల: నాకు గురువంటూ ఎవరూ లేరు. 2018లో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి తోటలు నేలకూలాక అవే గీయడం మొదలెట్టాను, బొగ్గుతో. ఆ వేర్లకి రంగు వేయబుద్ధి కాలేదు, ఇప్పటికీ కాదు. సీతంపేట వైపు సవర గిరిజనుల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద తెల్లగా వేసిన బొమ్మలు చూశాకైతే, రంగులు ఎన్ని ఉండాలన్న ప్రశ్నే నాకు చిన్నదైపోయింది. ఒక్క మాట, సముద్రం పక్కనుంటే నీటిరంగు ఆరడానికి చాలాసేపు పడుతుంది. తొందరపడి రెండో పూత వేశారంటే బురదే. కాగితాలకి వానాకాలంలో బూజు కూడా, కవర్లో పెట్టుకోండి.

కోట జంక్షన్: గురువు లేకపోయినా పర్లేదంటే నేను ఒప్పుకోను. మా విజయనగరంలో అంట్యాకుల పైడిరాజు గారు మద్రాసులో శిల్పి, చిత్రకారుడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని, ఇక్కడికొచ్చి ఎందరికో నేర్పారు. పక్కన నిలబడి ‘ఈ చెయ్యి పొడుగైంది’ అనే మనిషి ఉండాలి కదా, యూట్యూబ్ అనదు.

నాగావళి ఒడ్డు: సరే, రెండూ కొంటాను. నీటిరంగులకి కాగితం ఏది?

పాత డ్రాయింగ్ మాస్టారు: 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే కాగితం. పల్చటిది నీళ్లు తగలగానే ముడుచుకుపోతుంది. పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేసుకో, ఖర్చు కలిసొస్తుంది. గీసినవి ఇక్కడ పెట్టు, చెయ్యి పొడుగైతే నేను చెప్తాను.

బోర్డుల బాబాయ్: అక్రిలిక్‌వి కూడా పెట్టు, మాస్టారు చూడకపోతే నేను చూస్తాను.