దిగుమతి చిన్న కారు మునిగే కంపెనీని గట్టెక్కిస్తుందా?

పర్లాకిమిడి పంతులు:
కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెప్పే నాకు ఈ వారం ఒక విద్యార్థి చిక్కు ప్రశ్న వేశాడు. 2009లో దివాలా తీసిన అమెరికా కంపెనీ క్రిస్లర్‌లో ఇటలీకి చెందిన ఫియట్ తొలుత 20 శాతం వాటా తీసుకొని, మెక్సికోలోని తొలూకాలో తయారైన ఫియట్ 500 అనే బుల్లి కారును 2011లో అమెరికా విపణిలో దించింది. బయటినుంచి తెచ్చిన చిన్న కారు ఇలా మునుగుతున్న కంపెనీని ఒడ్డున పడేయగలదా? మన దేశంలో అటువంటిది జరిగిందా? స్వార్థంతో అడుగుతున్న ప్రశ్న మరొకటి ఉంది: మన దేశం వదిలి వెళ్లిపోయిన ఒక విదేశీ కంపెనీ పాత కారు చవకగా వస్తోంది, కొనవచ్చా?

జయపురం డ్రైవరు:
పంతులుగారూ, అమెరికా సంగతి నాకు తెలియదు గాని, అలాంటి కారు నా దగ్గర ఉంది. పేరు చెప్పను. సాలూరు ఘాటీలో సుంకి వైపు ఎక్కుతుండగా క్లచ్ పోయింది. విజయనగరంలో లేదన్నారు, విశాఖలో తెప్పిస్తామన్నారు, నలభై రోజులు గడిచాయి. షెడ్డు బయట చింతచెట్టు కింద నిలబెట్టిన బండికి వెనక అద్దం దించి ఉండడంతో, మెకానిక్ ఇంటి కోడి వెనక సీటులో గుడ్లు పెట్టి పొదిగింది. భాగం వచ్చిన రోజున పిల్లలు బయటికి రాలేదని బిగింపు మరో నాలుగు రోజులు వాయిదా పడింది. కారు ఎంత ముద్దుగా ఉన్నా బోల్టు దొరకని కంపెనీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

రాయగడ షెడ్డు:
ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఇంజిన్లు విప్పుతున్నవాడిగా చెబుతున్నాను, ఈ ప్రశ్నకు జవాబు మారుతి. చేతులెత్తేసిన కంపెనీకి జపాన్ నుంచి సుజుకి వచ్చింది, 1983 డిసెంబరు 14న 796 సీసీ చిన్న కారు రోడ్డెక్కింది, 2014 దాకా దాని తయారీ ఆగలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

బరంపురం లెక్కలాయన:
మన్నించాలి, అది రుజువు కాదు. 1971లో పెట్టిన పాత మారుతి ఎత్తివేత దాకా వెళ్లింది. ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకొని 1981లో మారుతి ఉద్యోగ్ అనే కొత్త సంస్థను పెట్టింది. మిగిలినవి ప్రధానంగా గుడ్‌గావ్ స్థలం, పేరు. సుజుకి మొదట తీసుకున్న వాటా 26 శాతమే, మిగతా భారం సర్కారుది. పైగా మారుతి 800ను దిగుమతి కారు అనడం ఎంతవరకు సరి?

రాయగడ షెడ్డు:
మొదటి బండ్లు జపాన్ నుంచి భాగాలుగా వచ్చి ఇక్కడ బిగించుకున్నవే కదా, అది దిగుమతి కాక మరేమిటి? లెక్కల పుస్తకం తిరగేసే చేతికి గ్రీజు అంటుకోదు లెండి.

బరంపురం లెక్కలాయన:
నా చేతుల గురించి మాట్లాడవలసిన అవసరం లేదు. మొదట కొన్నాళ్లు బిగించారు, ఆ తర్వాత ఏటేటా భాగాలను ఇక్కడే చేయించుకుంటూ పోయారు. మీ షెడ్డులో 800 బ్రేకు షూ ఒక పూటలో దొరకడానికి కారణం అదే. కారును దిగుమతి చేసుకుంటే కంపెనీ బతకదు, కారు తయారు చేయడం ఎలాగో దిగుమతి చేసుకుంటే బతుకుతుంది. ఈ తేడా తెలియకుండా ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం చెప్పుకోవడం దండగ.

రాయగడ షెడ్డు:
సరే సార్, మీ బండి ఈసారి ఘాటీలో ఆగినప్పుడు తేడా తెలిసినవారినే పిలిపించుకోండి.

గుణుపురం పాత పాపి:
పెద్దలు ఇద్దరూ ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను మరచారు. పద్మిని కారుతో ఒక తరాన్ని మోసిన ఆ కంపెనీ 2009లో చైనా నమూనా తెచ్చి రియో పేరుతో చిన్న ఎస్‌యూవీ దించింది. మా మేనమామ అది కొంటానని పట్టుబడితే, విడిభాగాల మాటెత్తి ఇంటిల్లిపాది ఆపాము. దానితో ఆ కంపెనీ కోలుకోలేదు. అసలు పద్మిని కూడా ఫియట్ నమూనాయే కదా! అప్పట్లో గిరాకీకి తగిన పోటీ లేదు, అంతే.

కొరాపుట్ టాక్సీ యజమాని:
తమ్ముళ్లూ, తగువు తర్వాత చూసుకోండి, పంతులుగారు అడిగింది క్రిస్లర్ గురించి. ఆ కంపెనీ 1971 నుంచే మిత్సుబిషి చిన్న కార్లను డాడ్జ్ కోల్ట్ పేరుతో దిగుమతి చేసుకొని అమ్మేది. అయినా 1979లో ప్రభుత్వం ముందు చేయి చాచి 150 కోట్ల డాలర్ల రుణ హామీ తెచ్చుకోవలసి వచ్చింది. అప్పుడు నిలబెట్టినవి సొంతంగా చేసుకున్న కె-కార్లు, ఆ వెనుక వచ్చిన మినీవ్యాన్లు. రెండోసారి కూడా అంతే. ఫియట్ 500ను ఉత్తర అమెరికాలో ఏడాదికి 50 వేలు అమ్మాలనుకున్నారు. తొలి ఏడాది అమెరికాలో 20 వేలు కూడా దాటలేదు. ఆ ఒక్క కారు కోసం డీలర్లు వేరే షోరూములు కట్టుకోవలసి రావడం మరో తలనొప్పి. డబ్బు తెచ్చిపెట్టినవి జీపులు, రామ్ పికప్పులు. నా సంస్థలోనూ చిన్న కారు ఆఫీసువాళ్లను తిప్పుతుంది, జీతాలిచ్చేది మాత్రం పెద్ద బండే.

బరంపురం లెక్కలాయన:
అక్కగారు చెప్పినది ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. చిన్న కారుమీద మిగిలేది తక్కువ, అందులోనుంచి రవాణా, సుంకం కూడా పోవాలి. పెద్ద బండి ఆ ఖర్చులను భరించగలదు, చిన్నది భరించలేదు. ఫియట్ వల్ల క్రిస్లర్‌కు ఒరిగింది కారు కంటే ఇంజిన్లు, యాజమాన్యం.

రాయగడ షెడ్డు:
ఇదే మాట నేను అంటే దండగ అన్నారు.

పర్లాకిమిడి పంతులు:
అందరికీ కృతజ్ఞతలు. నా మూడో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పాత కారు కొనవచ్చా?

జయపురం డ్రైవరు:
కొనాలనే ఉంటే నాదే తీసుకోండి పంతులుగారూ, కొత్త క్లచ్ వేసి నెలన్నా కాలేదు. సీటు కడిగించి ఇస్తాను.