గంజాయి మానేశాడు, కానీ మాటలు వినిపిస్తున్నాయంటున్నాడు: తమ్ముణ్ని ఎక్కడ చూపించాలి?

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి దగ్గర పల్లె. తమ్ముడికి 19 ఏళ్లు. ఇంటర్ నుంచే గంజాయి అలవాటైంది. మానేసి రెండు నెలలైనా రాత్రిళ్లు నిద్రపోడు. ఫ్యాన్ తన పేరు పెట్టి పిలుస్తోందని ఉక్కలోనే స్విచ్ ఆపేసి, గోడకి ఆనుకుని కూర్చుంటాడు. అమ్మ అన్నం కలిపి పెడితే ముందు ఆవిణ్ని తినమంటాడు.

మొదట ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించాం. 20 రోజులు గదిలో పెట్టి తాళం వేశారు, సైకియాట్రిస్టు ఒక్కసారీ చూడలేదు. అప్పట్నుంచి ఆస్పత్రి మాటెత్తితే వణికిపోతున్నాడు. వాణ్ని అక్కడ వదిలి వచ్చింది నేనే. ఆ బాధ నన్ను వదలడం లేదు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. ఓపిగ్గా విన్నారు, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించమన్నారు.

విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రిలో ఈ వయసు పిల్లల్ని చూపించినవాళ్లున్నారా? వ్యసనానికీ, ఈ భ్రమలకీ కలిపి వైద్యం చేస్తారా? లేక బెంగళూరు నిమ్హాన్స్‌కే వెళ్లాలా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి ఒప్పుకోకపోయినా ఇంటివాళ్లు అడిగితే, డాక్టర్లు పరీక్షించి చేర్చుకోవచ్చట. మళ్లీ బలవంతం చేయడానికి నాకు మనసొప్పడం లేదు. మీవాళ్లని ఏం చెప్పి ఒప్పించారు? దయచేసి చెప్పండి.