సమస్య: పాట ముగియగానె ప్రాణముడిగె

గణాల మాస్టారు: ఈ వారం ఆటవెలది. ఆఖరి పాదం పైనే ఉంది, మిగతా మూడూ మీవి. విషయం సెర్గియో లియోనె 1965లో తీసిన ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’. అందులో విలన్ ఇండియో జేబుగడియారం మూత తెరిచి, అది పాడటం ఆగాక తుపాకీ తియ్యమంటాడు చూడండి, ఆ చివరి ఘట్టం. పాట ఆగితే ప్రాణం పోవడమేంటని అడక్కండి, సినిమా చూసి రండి.

కొత్త కలం: మొదటిసారి మాస్టారూ, తిట్టకండి.

కఠినుడొకడు చెల్లి గడియారమును దోచె
అన్న గుండెలోన నగ్గి రగిలె
ఎదుట నిలిచి దాని నిద్దరు వినుచుండ
పాట ముగియగానె ప్రాణముడిగె

గణాల మాస్టారు: తిట్టేదేం లేదమ్మా, గణాలూ యతులూ సరిపోయాయి. కానీ ‘వినుచుండ’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ దాగుంది, సరళాదేశం చేసి ‘ప’ని ‘బ’ చేస్తే ‘బాట ముగియగానె’ అవుతుంది, రోడ్డు అయిపోయేసరికి ఎవరో పోయినట్టు! ‘ఇద్దరు విన్నారు’ అనెయ్, గొడవ లేదు. ఇంకోటి, ఇండియోకి ఎదురునిలిచే కర్నల్ మార్టిమర్ ఆ గడియారపు అమ్మాయికి అన్న అని సినిమాలో చివరిదాకా చెప్పరు, నువ్వు రెండో పాదంలోనే చెప్పేశావు.

సెకండ్ షో: నిన్న రాత్రి మళ్లీ చూస్తుంటే జరిగిందిది.

సీను మధ్యలోన సెల్లు చార్జి తరిగె
మోరికోనె ట్యూను మూగవోయె
ఫోను చచ్చె నాది, పోరాట మేదయ్య
పాట ముగియగానె ప్రాణముడిగె

గణాల మాస్టారు: సినిమా సంగీత దర్శకుడు మోరికోనెని తెచ్చావు, మో-మూ యతి భలే కుదిరింది. కానీ నేనడిగింది పగ నాయనా, చార్జరు కాదు.

చివరి బెంచి అక్క: ‘తుపాకి’ జగణం (లఘువు-గురువు-లఘువు), ఎంత తోసినా ఇమడలేదు, అందుకే గన్ను.

గన్ను నేల మీద, గడియ దగ్గరపడె
మరియొకండు వచ్చె, మరల మ్రోగె
చెల్లి బొమ్మ సాక్షి, చెదరలే దా చూపు
పాట ముగియగానె ప్రాణముడిగె

కొత్త కలం: అక్కా, మూడో పాదం అదిరింది! కానీ మరల మోగిందేంటి?

గణాల మాస్టారు: నాదీ అదే ప్రశ్న. ఇండియో గడియారం పాట నీరసించి ఆగబోతుంటే హీరో ఈస్ట్‌వుడ్ దాని జతదాన్ని పట్టుకొచ్చి, అదే ట్యూను మళ్లీ మోగిస్తూ కర్నల్‌కి బెల్టూ తుపాకీ అందిస్తాడు, అసలు టెన్షనంతా అక్కడే. ఆ రెండో గడియారం పద్యంలో కనబడాలి. ‘జంట వాచి తెచ్చి సాగదీసె’ అంటే? జ-స యతి చెల్లుతుంది.

చివరి బెంచి అక్క: అప్పుడు కర్త ఎగిరిపోయాడు కదండీ, తెచ్చిందెవరు?

సెకండ్ షో: ఈస్ట్‌వుడ్ పాత్రని ‘పేరులేని మనిషి’ అనే అంటారుగా, కర్త ఎందుకక్కా!

గణాల మాస్టారు: నవ్వించావు గానీ రేపటికి నీ రెండో పూరణ కావాలి, ఫోను చార్జింగు పెట్టుకుని మరీ రాయి.