వీణకి గోళ్లా, వేలి కొసలా?

నమస్కారమండీ. మాది చిక్కడపల్లి. నలభై దాటాక వీణ మొదలుపెట్టాను, రెండేళ్లయింది. గోటితో మీటితేనే నాదం ఖంగుమంటుందని మా గురువుగారు అంటారు. నా గోళ్లేమో పల్చన. అంట్లు తోమేసరికి నానిపోతాయి, సాయంత్రం సాధనకి కూర్చుంటే చూపుడు వేలి గోరు అంచున చీలి, సారణి తీగకి (రాగం వాయించే ముఖ్యమైన తీగ) పట్టుకుంటుంది. మీటినప్పుడల్లా కిర్రుమని ఒక చప్పుడు.

గోళ్లు తీసేసి వేలి కొసలతో వాయిస్తే నాదం మెత్తగా, నాకైతే హాయిగానే ఉంది. కానీ వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, మీట్లు అలుక్కుపోతున్నాయి. పైగా చిటికెన వేలితో పక్కనుండే తాళం తీగలు మీటాలంటే గోరు లేకపోతే అసలు పలకడం లేదు.

గిటార్‌లోనూ ఇదే గొడవ. 19వ శతాబ్దంలో స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సోర్ వేలి కొసలతో, ఆయన స్నేహితుడు అగ్వాడో గోళ్లతో వాయించేవారు. అయినా కలిసి వాయించారు లెండి!

చిటికెన వేలికి మాత్రం గోరు ఉంచి, మిగతా రెండిటినీ (చూపుడు, మధ్య వేళ్లు) కొసలతో నెట్టుకురావచ్చా? వేలికి తొడుక్కునే తీగ మీటు వాడితే తర్వాత మానడం కష్టమవుతుందా? గోరు ఎంత పొడవుంచాలి? అనుభవమున్నవాళ్లు కాస్త చెప్పండి.