కిల్ట్‌కీ గళ్ళ లంగాకీ తేడా ఎక్కడుంది?

సూదీదారం:
కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే, లంగాలాంటి బట్ట కదా. టార్టాన్ అనే స్కాట్లాండ్ గళ్ళ గుడ్డకి నడుము దగ్గర కుచ్చిళ్ళు పోసి కుట్టేస్తే కిల్ట్ అయిపోతుందా? ఆన్‌లైన్లో ఆ పేరుతో రెండు గజాల పాలియెస్టర్‌వి కూడా కనిపిస్తున్నాయి. దేన్ని చూసి తేల్చుకోవాలి?

కత్తెర:
ముందు గళ్ళ సంగతి మర్చిపోండి. ఐరిష్ బ్యాగ్‌పైపర్లు (సంచి ఉన్న ఊదే వాద్యం వాయించేవాళ్ళు) కట్టే కుంకుమపువ్వు రంగు దానికి గళ్ళే ఉండవు, అయినా అది కిల్టే. చూడాల్సింది కట్టు. ముందువైపు రెండు చదును పొరలు ఒకదాని మీద ఒకటి రావాలి, వీటిని ఏప్రన్లంటారు. కుచ్చిళ్ళన్నీ వెనకే, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా. చుట్టుకుని తోలు పట్టీలతో, బకిళ్ళతో బిగించాలి. మగవాళ్ళదైతే పై పొర అంచు కుడిపక్కకి వస్తుంది. బొడ్డు దగ్గర కట్టాలి, మోకాలి చిప్ప మధ్యకి ఆగాలి. జీన్స్‌లా కిందికి కడితే కుచ్చిళ్ళు సరిగ్గా వేలాడవు.

రెండు గజాలంటే 72 అంగుళాలే. గళ్ళ నమూనా 8 అంగుళాలకోసారి తిరిగొస్తుందనుకోండి. వెనక గళ్ళు చెదరకుండా కలవాలంటే ఒక్కో మడత 8 అంగుళాలు తినేస్తుంది. 25 మడతలకే 200 అంగుళాలు! అందుకే పెద్దవాళ్ళకి 8 గజాల ఒంటి పన్నా ఉన్ని అంటారు. డబుల్ పన్నా అయితే 4 గజాలు తీసుకుని నిలువునా రెండుగా చీల్చి, అతుకు ఒక మడత లోపల దాచేస్తారు. కింద మడిచి కుట్టరు, నేత అంచునే వదిలేస్తారు. మడిస్తే అక్కడ లావెక్కి కుచ్చిళ్ళు విప్పారతాయి.

నేతపని:
కత్తెర గారూ, అసలు కీలకం వదిలేశారు. నడుము నుంచి తుంటి దాకా ప్రతి మడతనీ విడిగా, పైకి వెళ్ళేకొద్దీ సన్నగా కుట్టాలి. తుంటి 40 అంగుళాలు, నడుము 34 అనుకుంటే వెనక సగానికి 20, 17 వస్తాయి. 25 మడతలకి పంచితే తుంటి దగ్గర ఒక్కోటి 0.8 అంగుళం కనిపించాలి, నడుము దగ్గర 0.68. ఈ పిసరంత తేడా తప్పితే గళ్ళ గీతలు వంకర పోతాయి. కుట్టాక లోపల పైభాగంలో మిగిలిన మడత గుడ్డ కత్తిరించేసి కాన్వాస్ వేస్తారు. అది లేకపోతే పట్టీల లాగుడంతా కుట్ల మీదే పడి మడతలు నోళ్ళు తెరుస్తాయి.

సూదీదారం:
అయితే కుట్టు లేకపోతే కిల్ట్ కాదన్నమాట?

కత్తెర:
అంత కచ్చితంగా అనకండి. 16వ శతాబ్దం చివర్లో స్కాట్లాండ్ కొండప్రాంతమైన హైలాండ్స్‌లో కట్టినది కుట్టులేని పొడుగు దుప్పటే. కుచ్చిళ్ళు చేత్తో పోసుకుని పైన బెల్టు బిగించేవారు. కుచ్చిళ్ళని కుట్టడం 1790ల నాటికి గానీ రాలేదు. ఇప్పుడు కుట్టించేటప్పుడు మాత్రం నేతపని గారి లెక్కే పట్టుకోండి. ఇంకోటి, కిల్ట్‌కి అలంకారంగా పెట్టే పిన్ను పై ఏప్రన్‌కి మాత్రమే గుచ్చాలి. రెండూ కలిపి గుచ్చితే అడుగు వేసినప్పుడల్లా లాగి గుడ్డ చిరుగుతుంది.